గీత పెట్టమ్మా అక్కడ

ఏడాదిన్నరగా మా ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నరకి టీవీ ఆగిపోతుంది. నాన్న తన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటారు. నేను పక్కన కూర్చుని పుస్తకం తెరుస్తాను. నలభై నిమిషాలు, ఒక్కోరోజు గంట, గొంతు బొంగురుపోయేదాకా చదువుతాను.

నాన్నకి వచ్చింది మాక్యులా జబ్బు. కంటి వెనక రెటీనా మధ్యలో ఉండే చిన్న భాగం దెబ్బతింటుంది. దాంతో నేరుగా చూసే చూపు పోయి, పక్కచూపు మిగులుతుంది. ఆయన ఇంట్లో ఎవరి సాయమూ లేకుండా తిరుగుతారు, గుమ్మంలోకి మనిషి వస్తే తెలుసుకుంటారు. కానీ అక్షరం మీద చూపు నిలిపితే సరిగ్గా ఆ అక్షరమే మాయమైపోతుంది. "చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుందమ్మా, నేను చూద్దామనుకున్నది తప్ప" అన్నారు మొదట్లో. యాభై ఏళ్ళకు పైగా నాలుగు పేజీలైనా చదవకుండా నిద్రపోని మనిషి ఆయన.

ఆడియో పుస్తకాలు పెట్టి చూశాం. రెండు వారాలు విన్నారు. తర్వాత ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టేశారు. "బాగానే చదువుతున్నాడు. కానీ ఆపి ఒక మాట అనుకుందామంటే ఎవరూ లేరు" అన్నారు. ఆ రాత్రి మొదలైంది ఈ చదువు.

నిజానికి ఇది కొత్తదేమీ కాదు. నా చిన్నప్పుడు చదివేవారు ఆయన, వినేదాన్ని నేను. నాకు అక్షరాలు వచ్చాక కూడా చాలాకాలం ఆయనే చదివేవారు, ఎందుకంటే ఆయన గొంతులో కథ ఒకలా ఉండేది, నేను చదువుకుంటే ఇంకోలా ఉండేది. చదివేటప్పుడు ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క ఉండేది. నచ్చిన చోట మార్జిన్‌లో చిన్న నిలువు గీత పెట్టేవారు. వాక్యం కింద గీయరు, పక్కన ఏమీ రాయరు. ఒక్క గీత, అంతే. ఎందుకని అడిగితే "మళ్ళీ ఇటు వచ్చినప్పుడు ఆగడానికి" అనేవారు. ఇప్పుడు ఆ పెన్సిల్ నా దగ్గర ఉంటుంది. వింటూ వింటూ చెయ్యి కొంచెం పైకెత్తి "గీత పెట్టమ్మా అక్కడ" అంటారు. పెడతాను.

ఇలా గట్టిగా చదవడం మొదలుపెట్టాక పుస్తకాల మీద నా అభిప్రాయాలు చాలా మారిపోయాయి. కళ్ళతో చదువుకున్నప్పుడు గొప్పగా అనిపించినవి కొన్ని నోటికి రాలేదు. విసుగనుకుని పక్కన పెట్టినవి కొన్ని నోట్లో పడగానే ప్రాణం పోసుకున్నాయి. అందులో మొదటిది శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'.

ఆ పుస్తకాన్ని వయసులో ఉండగా రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ వదిలేశాను. ఎక్కడా తొందర లేని నడక, ఒక సంగతిలోంచి ఇంకో సంగతి, దానిలోంచి మరొకటి. నాకప్పుడు ఓపిక లేదు. ఈసారి నాన్న కోరి అడిగారు కాబట్టి తెరిచాను. మొదటి రెండు రోజులూ నాలుక తడబడింది. మూడో రోజుకి ఆయన ఊపిరి ఎక్కడ తీస్తాడో తెలిసిపోయింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళతో మాట్లాడుతున్నట్టే రాశాడాయన. మాటకి ముందొక సాగదీత, తర్వాతొక విరుపు, మధ్యలో ఎవరో ఏదో అడిగితే చెప్పిన జవాబులాంటి వాక్యం. కంటితో చూస్తే అవి పేజీ నిండా అక్షరాలు. చెవిన పడితే మనిషి.

1891లో పుట్టిన మనిషి. వేదం, యజ్ఞాలు, సంస్కృత పాండిత్యం ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో పిల్లాడు తెలుగులో రాస్తానంటే దాన్ని చదువుగా లెక్కపెట్టేవాళ్ళే లేరు. ఆ పిల్లాడికి తెలుగు మీద ఉన్న మోజు ఎంత గట్టిదో, దానికోసం ఇంట్లో పెద్దల మనసు ఎలా కష్టపెట్టాల్సి వచ్చిందో చెబుతాడు. తండ్రి మీద గౌరవం ఎక్కడా తగ్గదు, తన పట్టుదలా ఎక్కడా సడలదు. ఆ భాగాలు చదువుతున్నప్పుడు నాన్న చెయ్యి ఎన్నిసార్లు లేచిందో. ఆ పుస్తకం నిండా గీతలే ఇప్పుడు.

ఇంకొకటి గమనించాను. శ్రీపాద సంభాషణ రాస్తే ఎవరు ఎవరితో అంటున్నారో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మాట తీరే చెబుతుంది. ముఖ్యంగా ఆడవాళ్ళ మాట. ఇంట్లో పెద్దావిడ, కొత్త కోడలు, పక్కింటి ఆవిడ, ముగ్గురూ ఒకే భాష మాట్లాడుతున్నా మూడు గొంతులు. నేను గొంతు మార్చి నటించే దాన్ని కాదు. అయినా వాక్యమే నా గొంతు మార్చేసేది.

ఆ ఊపులోనే ఆయన కథ 'వడ్లగింజలు' కూడా చదివాం. చదరంగం ఆట మీద నడిచే కథ. గడి గడికీ రెట్టింపు వడ్లగింజలు అడిగే కోరిక ఉంది అందులో. కథ చదువుతుంటే నాకు ఎనిమిదేళ్ళప్పటి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. నాన్న కాగితం మీద అరవై నాలుగు గళ్ళు గీసి నాచేత రెట్టింపులు వేయించారు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. "ఇంతేనా" అన్నాను మొదటి వరస అయ్యేసరికి, ఎందుకంటే ఎనిమిదో గడిలో ఉన్నవి 128 గింజలే. ఇరవై ఒకటో గడికి పది లక్షలు దాటేసరికి పెన్సిల్ పక్కన పెట్టేశాను. మిగతాది ఆయనే పూర్తిచేశారు. మొత్తం అన్ని గళ్ళలోనూ కలిపి 18446744073709551615 గింజలు. ఇరవై అంకెలు. ఆ కాగితం చాలా రోజులు నా పుస్తకంలో దాచుకున్నాను. శ్రీపాద కథ అప్పుడు నాకు తెలియదు, లెక్క మాత్రమే తెలుసు. ఇన్నేళ్ళకి కథ దొరికింది. లెక్క కన్నా ఆ అడిగిన మనిషి తలపొగరు, ఆ తలపొగరు వెనకున్న ఆకలి నన్ను ఎక్కువ పట్టుకున్నాయి. తెలుగులో కథ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ఈ కథే చేతిలో పెడతాను.

ముళ్ళపూడి వెంకటరమణ గారి 'కోతి కొమ్మచ్చి' దగ్గర అనుకోని ఇబ్బంది వచ్చింది. చదవడానికి అంత సుఖమైన పుస్తకం ఇంకోటి లేదు. పేరుకి తగ్గట్టే ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకి దూకుతుంది జ్ఞాపకం. తండ్రి పోయాక పడ్డ బాధలు, మద్రాసు రోజులు, చేతిలో ఏమీ లేని కాలం, అన్నిటినీ నవ్విస్తూ చెబుతారు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఒక్క వాక్యం గొంతులో అడ్డం పడుతుంది. అక్కడ నేను ఆగిపోతే నాన్నకి అర్థమైపోయేది, ఆయనా ఏమీ అనేవారు కాదు.

ఇబ్బంది అది కాదు. బొమ్మలు. రమణగారి రాత ఉన్నచోట బాపుగారి గీత ఉంటుంది కదా. "బొమ్మ ఉందా?" అని అడిగారు నాన్న. ఉందన్నాను. "ఎలా ఉంది?"

బాపు బొమ్మని మాటల్లో చెప్పడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. అక్కడ ఉన్నవి నాలుగైదు గీతలు. నీడలు దిద్దడం లేదు, వెనక గోడ లేదు, కింద నేల లేదు. అయినా ఆ మనిషి నిలబడి ఉన్నాడని, అలిసిపోయి ఉన్నాడని తెలుస్తోంది. ఎలా తెలుస్తోందో చెప్పాలంటే గీతని గీతగా చూడాలి. "భుజం దగ్గర గీత కొంచెం జారింది నాన్నా. చెయ్యి పూర్తిగా వెయ్యలేదు, మోచేతి దగ్గర ఆపేశారు. మిగతాది మనమే చూసుకుంటాం" అని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని "ఆ, వచ్చింది" అన్నారు. బొమ్మ కళ్ళముందుకి వచ్చిందని. ఆయన మనసులో యాభై ఏళ్ళ బాపు బొమ్మలున్నాయి. నేను మాటతో ఒక కొస అందిస్తే చాలు, మిగతాది అక్కడే గీసుకునేవారు. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న ఆ బొమ్మల్ని నిజంగా చూసింది మాత్రం ఆ పదిహేను రోజుల్లోనే.

అన్నీ ఇలా కలిసిరాలేదు. హరారీ రాసిన మనిషి జాతి చరిత్ర 'సేపియన్స్' పెట్టాం. 2011లో హీబ్రూలో, 2014లో ఇంగ్లీషులో వచ్చి లోకమంతా చదివిన పుస్తకం. మొదటి భాగం ఉత్సాహంగా సాగింది. నిప్పు, మాట, నలుగురూ చేరి చెప్పుకునే కబుర్లు మనిషిని మనిషిగా ఎలా చేశాయో చెప్పిన చోట నాన్న ముందుకి వంగి విన్నారు. గోధుమని మనిషి లొంగదీసుకోలేదు, గోధుమే మనిషిని ఒకచోట కట్టిపడేసిందనే వాదన మీద మేం రెండు రాత్రులు మాట్లాడుకున్నాం. కానీ సగం దాటాక తొందర ఎక్కువైంది. వెయ్యేళ్ళ సంగతి ఒక పేరాలో తేల్చేసి, దాని మీద ఒక తీర్పు చెప్పేసి ముందుకెళ్ళిపోతాడు. ఒంటరిగా చదివితే ఆ వేగం బాగుంటుంది. పక్కన ఒకరు "ఆగు, అది అంత కచ్చితంగా ఎలా చెప్తాడు?" అని అడుగుతుంటే ప్రతి పేజీకీ ఆగాల్సి వస్తుంది. మూడో వంతు మిగిలుండగా మూసేశాం. మళ్ళీ తెరుస్తామని అనుకోవడం లేదు.

సిద్ధార్థ ముఖర్జీ రాసిన 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్' వేరే సంగతి. క్యాన్సర్ చరిత్ర అది. 2010లో వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందింది. ఇంగ్లీషులో పేజీ చూసుకుంటూ తెలుగులో చెప్పుకుంటూ వెళ్ళాను. నా వల్ల కాదనుకున్నాను గానీ, ముఖర్జీ కథ చెప్పే పద్ధతి నన్ను లాక్కుపోయింది. ఆయన డాక్టర్. రోగి పక్కన కూర్చుని మాట్లాడే అలవాటు ఆయన వాక్యంలోకి వచ్చింది.

ఆ పుస్తకంలో ఒకచోట యల్లాప్రగడ సుబ్బారావు గారు వస్తారు. నాన్న గుర్తుపట్టి లేచి కూర్చున్నారు. నా చిన్నతనంలో ఆయన చెప్పిన మనుషుల్లో సుబ్బారావు గారు ఒకరు. 1895లో భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేసి, మన కండరాలకి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందో తేల్చినవాళ్ళలో ఒకడని చెప్పేవారు. కానీ క్యాన్సర్ కథలో ఆయన చోటు ఏమిటో నాకు సరిగ్గా తెలిసింది ఈ పుస్తకంతోనే.

బొంబాయిలో మిల్లు పనికి వెళ్ళే గర్భిణులకి వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతోందని లూసీ విల్స్ అనే డాక్టరు గమనించింది. అందులో ఉన్న పదార్థమే తర్వాత ఫోలిక్ యాసిడ్ అని తేలింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న పిల్లలకి అది ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా పెరిగింది. అక్కడే ఆయనకి ఆలోచన తిరగబడింది. ఇది ఇస్తే పెరుగుతోందంటే, దీన్ని అడ్డుకునే మందిస్తే? అలాంటి మందులు సుబ్బారావు గారి ప్రయోగశాలలో తయారవుతున్నాయి. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంలో పదహారు మంది పిల్లలున్నారు. పదిమందిలో గుణం కనిపించింది. కొన్నాళ్ళే. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. కానీ అప్పటిదాకా లుకేమియా పిల్లలకి మందుతో ఆ కొన్నాళ్ళు కూడా ఇవ్వగలిగినవాళ్ళు లేరు.

ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. యాభై మూడేళ్ళు. అది చదివాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను నీకు చెప్పినప్పుడు నాకు ఇంత తెలియదమ్మా" అన్నారు. నేను గీత పెట్టాను, ఆయన అడక్కుండానే.

ఈ ఏడాది నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిపింది మాత్రం ఒక చిన్న పుస్తకం. 'తొలి ఉపాధ్యాయుడు'. కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్మాతోవ్ రాసింది. నాన్న బీరువాలో మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు ఒక అర నిండా ఉండేవి. గట్టి అట్ట, నున్నటి కాగితం, మనం పలకలేని పేర్లు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది, ఆ పుస్తకాలు రావడమూ ఆగిపోయింది. మా అర అక్కడితో ఆగింది. నేను జ్వరంతో వారం రోజులు మంచం దిగనప్పుడు నాన్న నాకీ కథ చదివారు. అప్పుడు నాకు గుర్తుండిపోయింది ఒక్కటే. చన్నీళ్ళ వాగు. పిల్లలు బడికి వెళ్ళాలంటే దాన్ని దాటాలి. ఉపాధ్యాయుడు దూషేన్ ఒక్కొక్కర్నీ ఎత్తుకుని దాటిస్తుంటాడు. జ్వరంలో నాకు కాళ్ళకి ఆ చలి తగిలినట్టే ఉండేది.

పెద్దయ్యాక అదే కథలో వేరేది కనిపించింది. ఆ దూషేన్‌కి చదువు సరిగ్గా రాదు. కూడబలుక్కుని చదువుతాడు. తనకున్న ఆ కాస్తా పిల్లలకివ్వడానికి పాడుబడ్డ గుర్రపుశాలని ఊడ్చి, నేల శుభ్రం చేసి బడి పెడతాడు. ఎవరూ సాయం రారు. తల్లీతండ్రీ లేని అల్తినాయ్ అనే పిల్లని పిన్నమ్మ అమ్మేస్తే వెళ్ళి విడిపించి తెస్తాడు, పట్నం బడికి పంపిస్తాడు. ఆమె పెద్ద పండితురాలవుతుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఊళ్ళో కొత్త బడి ప్రారంభానికి ఆమెని సగౌరవంగా పిలుస్తారు. అందరూ విందులో ఉండగా అభినందనల టెలిగ్రాములొస్తాయి. తెచ్చింది ముసలి దూషేన్. ఆయనిప్పుడు ఉత్తరాలు పంచుతున్నాడు.

ఆ పేజీకి వచ్చేసరికి నా గొంతు పనిచెయ్యలేదు. నాన్న కళ్ళు తెరవకుండానే అన్నారు. "లోపలికి రాడు కదూ? ఇంకా ఉత్తరాలు ఇవ్వాలని వెళ్ళిపోతాడు."

ఎన్ని దశాబ్దాల కిందట చదివిన పేజీ అది. ఆయనకి అలాగే ఉంది.

ఐత్మాతోవ్ గురించి ఒక సంగతి నేను ఈ మధ్యే తెలుసుకుని నాన్నకి చెప్పాను. ఆయన తండ్రి తొరెకుల్‌ని 1938లో స్టాలిన్ కాలపు నిర్బంధంలో కాల్చి చంపారు. అప్పటికి పిల్లాడికి తొమ్మిదేళ్ళు. ఎక్కడ పాతిపెట్టారో కుటుంబానికి చెప్పలేదు. 1991లో ఒక సామూహిక సమాధి బయటపడితే అందులో తండ్రి ఉన్నాడని తెలిసింది. యాభై మూడేళ్ళు ఆ ఎదురుచూపు. 2008లో ఐత్మాతోవ్ చనిపోయినప్పుడు ఆయన్ని కూడా అక్కడే ఖననం చేశారు. ఇది తెలిశాక, ఒక అనాథ పిల్లని ఎత్తుకుని వాగు దాటించే మనిషి కథ ఆయనే ఎందుకు రాయగలిగాడో నాకు కొంచెం అర్థమైనట్టనిపించింది. అదే ఆయన 'జమీల్యా' కూడా చదివాం. చాలామంది దాన్నే ఎక్కువ మెచ్చుకుంటారు. అందమైన ప్రేమకథే, కాదనను. నాకు మాత్రం గుర్రపుశాల బడే గొప్పది.

హెమింగ్వే ముసలి జాలరి కథ 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ', కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' వెంటవెంటనే చదివాం. నాన్నదే ఆలోచన. మొదటిది 1952లో వచ్చింది. ఎనభై నాలుగు రోజులు ఒక్క చేపా దొరకని ముసలాయన ఒంటరిగా సముద్రం లోపలికి వెళ్ళి పద్దెనిమిది అడుగుల చేపతో పోరాడతాడు. ఆ కథని లైఫ్ పత్రిక ఒకే సంచికలో మొత్తం అచ్చువేస్తే రెండు రోజుల్లో యాభై లక్షల కాపీలు అమ్ముడుపోయాయట. కేశవరెడ్డి గారి కథలో ఇంకో ముసలాయన తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. ఒక్క రాత్రి జరిగే కథ.

ఈ రెండిటినీ పోల్చి, ఇది దాని ప్రభావమని అనేవాళ్ళు ఉన్నారు. వరసగా వింటే ఆ పోలిక మీద నాకు నమ్మకం తగ్గింది. హెమింగ్వే ముసలాయన చేపతో మాట్లాడతాడు, దాన్ని తమ్ముడంటాడు, తన చేతుల్తో మాట్లాడుకుంటాడు. అతని పోరాటంలో ఒక హుందాతనం ఉంది, తానేమిటో తనకి తాను రుజువు చేసుకోవాలనే పట్టుదల ఉంది. కేశవరెడ్డి ముసలాయనకి ఆ తీరిక లేదు. అడవి అతనికి పరీక్ష కాదు, రోజూ బతికే చోటు. ప్రతి చప్పుడుకీ అర్థం తెలుసు. ఏ జంతువు ఎప్పుడు ఏం చేస్తుందో తెలుసు. తెలిసినా చెయ్యగలిగింది ఏమీ లేని చోట కథ మనల్ని నిలబెడుతుంది. ముగింపు చెప్పను, చదవనివాళ్ళు చదవాలి. కేశవరెడ్డి గారు వృత్తిరీత్యా డాక్టరు, ఏళ్ళ తరబడి కుష్ఠురోగులకి వైద్యం చేసినవాడు. ఆ వాక్యాల్లో జాలి పైకి కనిపించదు. లోపల ఎంత ఉందో చివరి పేజీలో తెలుస్తుంది. ఒక్కటి ఎంచుకోమంటే నేను అడవినే ఎంచుకుంటాను. నాన్న సముద్రం వైపే ఉన్నారు. ఆ తగువు ఇంకా తెగలేదు.

మధ్యలో మా అమ్మాయి వచ్చి చేరింది. పదిహేనేళ్ళు. మొదట ఫోన్ చూసుకుంటూ ఓ చెవి ఇటు పడేసేది. తర్వాత నేలమీద దిండు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు తనకి నచ్చిన పుస్తకం తెచ్చి తాతయ్యకి తానే చదువుతానంది. ఆన్ ఫ్రాంక్ డైరీ. నాకు ఆ పుస్తకం తెలుసనుకున్నాను. పదమూడో పుట్టినరోజున, 1942 జూన్ 12న, డైరీ కానుకగా వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదులైన ఎనిమిదిమంది నాజీలకి దొరక్కుండా రెండేళ్ళకు పైగా దాక్కున్నారు. 1944 ఆగస్టు 1న రాసిన పేజీ చివరిది, మూడు రోజుల తర్వాత పట్టుబడ్డారు. తండ్రి ఒక్కడే బతికి బయటపడి 1947లో అచ్చువేయించాడు. ఇదంతా ఎప్పుడో చదివినదే.

నాకు తెలియనిది మా అమ్మాయి చెప్పింది. యుద్ధకాలపు ఉత్తరాలు, డైరీలు దాచిపెట్టండి, తర్వాత ప్రచురిద్దామని 1944 మార్చిలో డచ్చి మంత్రి ఒకరు రేడియోలో చెబితే ఆన్ విన్నదట. అప్పటి నుంచి తన డైరీని తానే తిరగరాయడం మొదలుపెట్టింది. కొట్టేసింది, కలిపింది, వాక్యాలు మార్చింది. "అంటే తాతయ్యా, తను ఊరికే డైరీ రాసుకోలేదు. పుస్తకం రాస్తోంది" అంది. నాన్న ఆ మాటకి ఎంత సంతోషపడ్డారో చెప్పలేను. ఆ తర్వాత ఆ పుస్తకం మాకు వేరేగా వినిపించింది. అయ్యో పాపం అనుకుంటూ వినడం మానేసి, ఎంత బాగా రాసిందీ అనుకుంటూ విన్నాం. తల్లి మీద కోపం, అద్దంలో తనని తాను చూసుకోవడం, బంగాళాదుంపలు ఒలవడం మీద గొడవలు, ఒక్కొక్కటీ ఎంచి పెట్టినట్టున్నాయి. మా అమ్మాయి చదువుతుంటే నాకు ఒకటే గుర్తొస్తూ ఉండేది, ఆన్ చనిపోయేటప్పటికి ఆమెకీ పదిహేనేళ్ళే. ఆ మాట పైకి అనలేదు.

ఇప్పుడు బుచ్చిబాబు గారి నవల 'చివరకు మిగిలేది' నడుస్తోంది. ఈ కాపీ నాన్న ఇరవై మూడేళ్ళప్పుడు కొనుక్కున్నది. అట్ట ఊడిపోతే మందపాటి కాగితం అంటించి ఉంది. నేను కాలేజీలో ఉండగా ఈ కాపీయే రెండు రాత్రుల్లో చదివేశాను. అందులో కథానాయకుడు దయానిధి నేనే అనిపించింది అప్పుడు. కోమలి, అమృతం, ఇందిర, ఎవరి దగ్గరా నిలవలేని ఆ మనసు చాలా లోతుగా కనిపించింది.

ఇప్పుడు అంత తేలిగ్గా సాగడం లేదు, నిజం చెబుతున్నాను. బుచ్చిబాబు వాక్యం ఆలోచిస్తూ తిరుగుతుంది, తిరిగి మొదటికొస్తుంది. కంటికి అది బాగుంటుంది, గొంతుకి బరువు. కొన్ని పేజీల్లో దయానిధి మీద కోపం కూడా వచ్చింది, ఆ ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కసారైనా చూడడేమని. ఆ కోపం వయసు తెచ్చిందనుకుంటాను. కానీ తల్లి గురించి లోకం అనుకునే మాట అతన్ని ఎక్కడికి వెళ్ళినా వెంటాడుతుంది చూశారూ, ఆ భాగాలు ఇప్పుడు ఇంకా గట్టిగా తగులుతున్నాయి. తప్పు చేసిందో లేదో తెలియని ఒక మనిషి పోయాక కూడా ఆమె కొడుకుని వదలని ఆ నోళ్ళు. అది బుచ్చిబాబు తప్ప ఇంకెవరూ అలా రాయలేదని నా నమ్మకం.

ఈ కాపీ నిండా పాత గీతలున్నాయి. పాలిపోయి, కొన్ని చోట్ల వేలితో తడిమితేనే తెలిసేలా. నేను చదువుతూ "ఇక్కడ మీ గీత ఉంది నాన్నా" అని చెబుతుంటాను. ఆయన ఆ వాక్యం మళ్ళీ చదివించుకుంటారు. ఒక్కోసారి "ఊఁ" అంటారు. ఒక్కోసారి "ఇదెందుకు పెట్టానో" అని చాలాసేపు ఆలోచిస్తారు. ఒకచోట ఏమీ గుర్తురాక, "అప్పుడు ఎవరో వెళ్ళిపోయి ఉంటారు" అని మాత్రం అన్నారు. నేను అడగలేదు.

రెండు రోజులుగా నాకు గొంతు పట్టేసింది. ఈ రాత్రి మా అమ్మాయి చదువుతోంది. నేను పక్క గదిలో కూర్చుని ఇది రాసుకుంటున్నాను. అది ఇంకా బుచ్చిబాబు వాక్యానికి అలవాటు పడలేదు. మధ్యలో ఊపిరి చాలక ఆగి, మళ్ళీ మొదటి నుంచి అందుకుంటోంది. నాన్న ఓపిగ్గా వింటున్నారు. ఇందాక ఆయన మాట వినిపించింది, "గీత పెట్టమ్మా అక్కడ."

"తాతయ్యా" అంటోంది అది, "ఇక్కడ ఎవరో ముందే పెట్టారు."